రెక్కయ్య పాట

పోయిన వారం ఆళ్లగడ్డలో జయరాజు శవసంస్కారానికి పోయి వచ్చాను. శవసంస్కారం అన్నది నా పాత అలవాటు కొద్దీ వాడిన మాట. వాళ్లు కట్టిన ఫ్లెక్సీ మీద ‘పరలోక ప్రయాణ మహోత్సవం’ అని ఉంది. మనిషి గాజు పెట్టెలో చల్లగా పడుకొని ఉంటే, పక్కనే నిలబెట్టిన పెద్ద తెర మీద జనం ఆయన్ను చూస్తున్నారు. మెడ కొంచెం తిప్పితే అసలు మనిషే కనిపిస్తాడు, అయినా అందరి కళ్లూ తెర మీదే. పైన డ్రోన్ ఒకటి కందిరీగలాగా తిరుగుతోంది. పాడటానికి బయటి ఊరి నుంచి ఒక గాయకుడిని పిలిపించారు. అతను నల్లద్దాలు పెట్టుకొని, కీబోర్డులోంచి వచ్చే తాళానికి మోకాలు ఆడిస్తూ, “మన జయపాల్ అన్న...” అని మొదలుపెట్టాడు. కింద నుంచి ఎవరో “జయరాజు, జయరాజు” అని అందించారు. అతనేమీ తడబడలేదు. “జయరాజు అన్న కోసం ఒక్కసారి గట్టిగా చప్పట్లు!” అన్నాడు. కొట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ కొట్టాను. ఇదంతా ఫోన్లలో ప్రత్యక్ష ప్రసారం అవుతోంది. నా ముందు వరసలో కూర్చున్న పిల్ల ఫోను తెర మీద ఎర్రటి గుండెలు పైకి తేలుతున్నాయి. ఎవరో ‘సూపర్ బ్రదర్’ అని రాశారు. పాట గురించో, జయరాజు గురించో తెలియలేదు.

నా పక్కన కూర్చున్నామె నా వైపు వంగి, “మీ నాయన కాలంలో ఇట్లాంటియి యాడుండె లే టీచరమ్మా” అని జాలిపడింది. ఉండేవి కావు, నిజమే. మా నాయన కాలంలో ఎనిమిది మంది మనుషులు, ఒక హార్మోనియం, అంతే. కానీ ఆ కాలాన్ని తలుచుకొని నిట్టూర్చే ముందు, ఆ ఎనిమిది మందీ ఏం చేశారో, ఏం చేయలేదో కూడా చెప్పాలి. ఆ ఎనిమిది మందిలో నేనొకదాన్ని.

మా నాయన దానియేలు సారు నంద్యాలలో మిషన్ బడి పంతులు. ఎప్పుడో ఒక దొరసాని దగ్గర నాలుగు గొంతుల పాట నేర్చుకున్నాడు. ఒకే పాటను నాలుగు వరసల్లో నలుగురు పాడితే అది గోపురంలాగా లేవాలని ఆయన కోరిక. ఆదివారాలు గుళ్లో పాడితే వినేవాళ్లు తక్కువ. చావు ఇంట్లో పాడితే కదలకుండా వింటారు. అందుకని ఆయన కళ అంతా చావులకే అంకితమైంది. చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లలో ఎవరు పోయినా మా జట్టును పిలిచేవారు. మా వీధిలో మమ్మల్ని సావుపాటలోళ్లు అనేవారు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది కాబట్టి ఇంటిని నడిపింది మా మేనత్త రాహేలమ్మ. ఆమె భర్త పోయాక అన్న దగ్గరికి వచ్చేసింది. జట్టులో పై గొంతు ఆమెదే.

మా ఇంట్లో రెండు తెల్లచీరలు ఎప్పుడూ గంజి పెట్టి, మడిచి, పరుపు కింద ఉండేవి. పడుకున్న మనిషి బరువే ఇస్త్రీ. “సావు చెప్పకుండా వస్తాది గానీ, గంజి ఆరాలంటే పూట పడతాది” అనేది అత్త. హార్మోనియానికి పురుగు పట్టకుండా పెట్టెలో కర్పూరం బిళ్లలు వేసేవాళ్లం. నాకు ఇప్పటికీ కర్పూరం వాసన వస్తే ఎవరు పోయారని అడగబుద్ధవుతుంది. ఒకసారి మా బళ్లో పనిచేసే తోటి టీచరు ఇంటి పూజలో హారతి పట్టినప్పుడు ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పొద్దున్నే అల్లం టీ తాగి, ముందు సమాధి పాటలు సాధన చేసి, తరువాత జొన్నరొట్టెలూ ఊరిబిండి పచ్చడీ తినడం మా దినచర్య. తిండికి ముందు చావు పాడితే ఆకలి బాగా అవుతుందని మా నాయన నమ్మకం.

జబ్బుపడ్డ వాళ్లను పరామర్శించడం క్రైస్తవ ధర్మం. మా నాయన ఆ ధర్మాన్ని కొంచెం ముందుచూపుతో పాటించేవాడు. మంచం పక్కన కూర్చుని, వాళ్ల ఊపిరి చప్పుడు వింటూ, ఇంట్లో జనం ఎంతమంది, హార్మోనియం ఎక్కడ పెట్టాలి అని కళ్లతోనే కొలుచుకునేవాడు. జనానికి ఆ సంగతి తెలుసు. బండి ఆత్మకూరులో నాలుగు రోజులుగా మెతుకు ముట్టని ఒక ముసలాయన, గుమ్మంలో మా నాయనను చూడగానే లేచి కూర్చుని, “ఆ సారును పంపిచ్చేయండి, నేను మజ్జిగన్నం తింటా” అన్నాడట. తిన్నాడు, ఆరేళ్లు బతికాడు. మా నాయన పాటల కంటే ఆయన రాక ఎక్కువ మందికి మేలు చేసిందని అత్త అనేది.

కానీ చావు ఇంట్లో అడుగుపెట్టాక ఆయన వేరే మనిషి. హార్మోనియం తీసి వెంటనే వాయించేవాడు కాదు. తల వంచుకొని, ఏడుస్తున్న ఆడవాళ్లను వినేవాడు. భార్యో తల్లో ఏ శ్రుతిలో ఏడుస్తోందో పట్టుకొని, దానికి తగ్గట్టు పాటను దించేవాడు. “ఏడుపుకు ఎదురు పాడగూడదు, ఏడుపు కింద పాడాల” అనేవాడు. అట్లా పాడినప్పుడు ఏడుపు ఆగేది కాదు, కానీ దానికి కూర్చోవడానికి చోటు దొరికినట్టుండేది. నేను ఎన్నో తప్పుల్ని ఎగతాళి చేస్తాను గానీ, ఆ ఒక్క సంగతిని ఎగతాళి చేయలేను.

మా పాటల వెనకనున్న మతం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అందులోంచే వచ్చింది. మాది ప్రొటెస్టెంటు సంఘం. మనిషి కన్ను మూయగానే అతని తీర్పు దేవుడి దగ్గర అయిపోయిందనీ, ఆ తరువాత మనం చేసే సిఫారసులు చెల్లవనీ మా పాస్టరు, ఆయన్ను అయ్యగారు అనేవాళ్లం, ప్రతి చావులోనూ చెప్పేవాడు. చనిపోయిన వాళ్ల శాంతి కోసం పూజ చేయించడం రోమన్ సంఘం వాళ్ల పద్ధతి. ఆ పూజలో వరసగా పాడే పాటలను వాళ్ల లాటిన్ భాషలో రిక్వియం అంటారు. విశ్రాంతి అని అర్థం. మేం అట్లా అడగకూడదు. మేం పాడేది బతికున్నవాళ్ల ఓదార్పు కోసమే. శవం వినదు. విన్నా మా సంఘం ఒప్పుకోదు.

ఆళ్లగడ్డ సంఘపెద్ద ఇశ్రాయేలప్ప ఈ విషయంలో అయ్యగారి కంటే గట్టివాడు. రెండు ట్రాక్టర్లు, పొలాలు, పెద్ద మీసాలు, వాటి కంటే పెద్ద విశ్వాసం. సమాధి మీద ఎవరో కొవ్వొత్తి వెలిగిస్తే, అది రోమన్ అలవాటని కాలితో ఆర్పిన మనిషి. ఆయన కూతురు మార్త నంద్యాలలో చదువుకునేటప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోంచేసేది. మా జట్టులో అత్త పక్కన నిలబడి పై గొంతు పాడేది. నాకంటే ఐదేళ్లు పెద్ద, నాకు జడ వేసేది, పాటలో నవ్వు ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేది. ఇశ్రాయేలప్ప కొత్త హాలు కట్టించినప్పుడు, బేతంచెర్ల నుంచి బండలు పరచడానికి ఖాసిం అని ఒక మేస్త్రీ వచ్చాడు. పని ఇరవై రోజులది. అది ముగిసేసరికి మార్తక్క తన మనసు స్థిరం చేసుకుంది. ఇద్దరూ పోయి రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. ఆమె మతం మారలేదు, అతను అడగలేదు. ఇశ్రాయేలప్ప తనకు కూతురే లేదన్నాడు.

రెండేళ్లు తిరగకుండానే ఆమె కాన్పులో పోయింది, ఆడపిల్లను కని. తనను మన వాళ్ల సమాధుల తోటలోనే పెట్టమని ఆమె చెప్పిందట. ఆ మాట కోసం ఖాసిం తన వాళ్లందరితో వాదించి, శవాన్ని ఆళ్లగడ్డకు తెచ్చాడు. అలవాటు కొద్దీ మాకు కబురొచ్చింది, మేం తెల్లబట్టలు కట్టుకొని పోయాం. తీరా అక్కడికి పోయాక తెలిసింది, గోడవార జాగా ఇస్తారు గానీ గంట మోగదు, పాట ఉండదు అని. సంఘ క్రమం ఒప్పుకోదట. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎనిమిది మందిమీ పుస్తకాలు మూసి పట్టుకొని నిలబడ్డాం. ఖాసిం తలకు కట్టుకున్న చేతిగుడ్డ విప్పి, రెండు చేతుల్లో నలుపుతూ మా నాయన దగ్గరికి వచ్చాడు.

“సారూ, ఆయమ్మ మీ పాటలే పాడుకుంటాండె, ఎప్పుడూ. ఒగటి పాడండి. సిన్నదైనా పర్వాల్యా.”

మా నాయన అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు ఇశ్రాయేలప్ప వైపు చూశాడు. ఇశ్రాయేలప్ప ఆకాశం వైపు చూశాడు, ఉత్తర్వు అక్కడి నుంచి రావాలన్నట్టు. రాలేదు.

“అనుమతి ల్యాదప్పా” అన్నాడు మా నాయన.

మార్తక్క తల్లి సలోమమ్మ గొంతు ఒక్కసారి పైకి లేచింది. “ఊరుకో. నలుగురు సూస్తాండారు” అన్నాడు ఇశ్రాయేలప్ప. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మట్టి పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఖాసిం ఇంకోసారి అడగలేదు. ఏడుపుకు ఎదురు పాడకూడదని మాకు నేర్పిన నాయన, అసలు పాడకుండా ఉండటం ఎంత సులభమో కూడా ఆ రోజే నేర్పాడు. మేం బస్సెక్కి ఇంటికి వచ్చేశాం. అత్త నెల రోజులు ఇంట్లో సాధనకు కూర్చోలేదు. అడిగితే గొంతు బాగలేదంది.

ఆ తరువాత రెండేళ్లకు ఇశ్రాయేలప్ప కంటి ఆపరేషన్ కోసం మద్రాసు పోయాడు. అక్కడ ఎవరో పెద్ద డాక్టరు చనిపోతే, తెలిసినవాళ్లతో కలిసి చూడబోయాడు. ఎత్తైన గుడి, ఆర్గన్, నలభై మంది గాయకులు, లాటిన్‌లో రిక్వియం. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఈ పెద్దాయన మనసు దాని మీద పడిపోయింది. తిరిగి వచ్చీ రాగానే మా నాయనకు కబురు పెట్టాడు.

“దానియేలూ, నా సావుకు అదే కావాల. రెక్కయ్యం.”

“అది రోమనోళ్లది గదప్పా” అన్నాడు నాయన. “సచ్చినోళ్ల కోసం ప్రార్థన. మన సంఘంలో ఒప్పుకోరే.”

“అయ్యగారిని నేను ఒప్పిస్తా. నువ్వు తెలుగులో పాట కట్టు. నీ బిడ్డ ఉద్యోగం సంగతి గూడా నాకిడిసిపెట్టు.”

నేనప్పుడే టీచరు ట్రైనింగు ముగించాను. ఆళ్లగడ్డ మిషన్ బళ్లో ఒక ఖాళీ ఉంది, ఆ కమిటీలో ఇశ్రాయేలప్ప ఉన్నాడు. ఇంటికి వచ్చి నాయన ఈ సంగతి చెబితే అత్త చేట పక్కన పెట్టి, “అన్నా, ఎవరా రెక్కయ్య? ఏ ఊరు?” అని అడిగింది. తెలియక అడిగింది కాదు. అప్పటి నుంచి మా ఇంట్లో దానికి రెక్కయ్య పాట అనే పేరు స్థిరపడింది.

అయ్యగారు ఒక వారం ప్రార్థనలో గడిపి, అది ప్రార్థన కాదనీ, కేవలం సంగీతమనీ, సంగీతానికి సిద్ధాంతం అడ్డురాదనీ కనిపెట్టాడు. గోడవార పూడ్చిన పిల్లకు ఒక చిన్న పాట ఇవ్వలేని క్రమం, మీసాల పెద్దాయనకు ఏకంగా రోమ్ నగరాన్నే ఇచ్చింది. వేదశాస్త్రంలో పెద్దవాళ్లకు తలుపులూ, చిన్నవాళ్లకు గోడలూ ఉంటాయని నాకు ఆ వారమే తెలిసింది. మా నాయనను మాత్రం నేను పూర్తిగా తప్పుపట్టలేను, అట్లాగని విడిచిపెట్టనూ లేను. జీవితమంతా పది పాటలతో చావులు నెట్టుకొచ్చిన మనిషికి, సొంతంగా ఒక పెద్ద పాట కట్టే అవకాశం వచ్చింది. మూడు వారాలు తిండి మరిచి రాశాడు. నాలుగు గొంతులు ఒకదాని మీద ఒకటి మెట్లలాగా ఎక్కి, మధ్యలో అన్నీ ఆగిపోయి, పై గొంతు ఒక్కటే చనిపోయిన మనిషి పేరు పలికే చోటు ఒకటి పెట్టాడు. ‘దారి నడిచి అలసినాడు, దరికి చేర్చు దేవా, నీ దాసుడు ఇశ్రాయేలుకు నీడ నీయుమయ్యా’ అని. బాగుంది. దరిద్రం ఏమిటంటే చాలా బాగుంది. నేను ఉద్యోగాన్ని తలుచుకొని శ్రద్ధగా నేర్చుకున్నాను. అత్త కూడా ఒక్క మాట అనకుండా నేర్చుకుంది.

ఇక పెద్దాయనకు ఇంకో అనుమానం వచ్చింది. “నేను పోయినాంక మీరెట్ల పాడినారో నాకేం తెలుస్తాది? ఇప్పుడే వినాల” అన్నాడు. ఒక శనివారం జీపు పంపించి మా జట్టునంతా పిలిపించుకున్నాడు. ముందు పొట్టేలు కూరతో భోజనం పెట్టించాడు. చనిపోబోయే మనిషి ఇంట్లో ముందుగానే తినడం మాకు కొత్త, కానీ కూర బాగుండటంతో ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. తరువాత హాలు మధ్యలో మంచం వేయించి, కొత్త పంచె కట్టుకొని, చేతులు ఎద మీద పెట్టుకొని పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ముక్కు మీద ఈగ వాలితే చాలాసేపు శవంలాగే ఓర్చుకున్నాడు. చివరికి శవం చెయ్యెత్తి ఈగను కొట్టింది. సలోమమ్మ వంటింటి గడపలో కూర్చుని ఒడిలో చెనక్కాయలు వొలుస్తోంది. ఇశ్రాయేలప్ప ఒక కన్ను తెరిచి ఆమెను చూశాడు.

“ఈడొచ్చి కూసో. ఏడ్సాల్సినచోట ఏడ్వాల.”

“ఏడుపు అప్పుడొస్తాదిలే” అంది ఆమె. “ఇప్పుడు చెనక్కాయలుండాయి.”

మొదలుపెట్టాం. మా జట్టులో కింది గొంతు లారీ డ్రైవరు సామేలుది. అది బండల లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కే లారీలాగే ఉండేది. “సామేలూ, గట్టిగా పాడు, తిన్నావు గదా” అని మంచం మీంచి హెచ్చరిక వచ్చింది. సామేలు గట్టిగా పాడాడు. గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, బండలు పరచిన ఆ హాలు చల్లగా మోగింది. పెద్దాయన మొహం నిజంగానే ప్రశాంతమైంది. అందరం ఆగాం. పేరు పలికే చోటు వచ్చింది. అత్త గొంతు ఒక్కటే పైకి లేచింది.

“నీ దాసి మార్తకు... నీడ నీయుమయ్యా.”

తరువాత మేం అందుకోవాలి. ఎవరమూ అందుకోలేదు. హార్మోనియం ఒకే స్వరం మీద నిలబడిపోయింది.

“పేరు తప్పింది” అన్నాడు ఇశ్రాయేలప్ప, కళ్లు తెరవకుండానే.

“తప్పల్యా అప్పా” అంది అత్త. “రెండేండ్ల కిందట ఈ పేరే పాడాల్సింది. ఆ పొద్దు నోరు రాల్యా.”

ఆయన లేచి కూర్చున్నాడు. “దానియేలూ! నీ సెల్లెల్ని అదుపులో పెట్టుకో.”

మా నాయన హార్మోనియం మెట్ల వైపే చూస్తున్నాడు. అప్పుడు గడప దగ్గర చెనక్కాయల చప్పుడు ఆగింది. సలోమమ్మ లేచింది. ఒడిలోని కాయలన్నీ బండల మీద రాలి దొర్లాయి. వాటిని దాటుకుంటూ వచ్చి హార్మోనియం పక్కన నేల మీద కూర్చుంది.

“ఇంగోసారి పాడు రాహేలూ. మొదటి నుంచి పాడు. ఆ పేరుతోనే.”

“ఏందే ఇది?” అని అరిచాడు ఆయన.

“నువ్వు పడుకో” అంది సలోమమ్మ. “నువ్వు సచ్చినావు గదా. సచ్చినోళ్లు మాట్లాడరు.”

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. రెండేళ్ల కిందట కొంగు కుక్కి ఆపిన ఏడుపు, చాలా కింది నుంచి వచ్చింది. మా నాయన తల వంచి విన్నాడు. పాటను ఒక మెట్టు కిందికి దించాడు. అదే ఆయన జవాబని నాకు అర్థమైంది. నా సంగతి చెప్పాలంటే, నా గొంతుకు ఉద్యోగం అడ్డం పడింది. మొదటి చరణం నేను పెదవులు కదిపానే గానీ పాడలేదు. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రెండో చరణంలో సామేలు కళ్ల నుంచి నీళ్లు కారడం చూశాక పాడాను. ఇశ్రాయేలప్ప కొత్త పంచెతోనే బయటికి పోయి, పాట జరిగినంతసేపూ ట్రాక్టరు డ్రైవరును తిట్టాడు. ఆ తిట్లు మాకు వినపడుతూనే ఉన్నాయి.

తిరిగి పోవడానికి జీపు రాలేదు. సామేలు హార్మోనియం నెత్తిన పెట్టుకుంటే బస్టాండుదాకా నడిచాం. దారిలో మా నాయన, “మూడో చరణంలో నువ్వు కొంచెం తొందరపడినావు” అని అత్తతో అన్నాడు. ఆళ్లగడ్డ ఉద్యోగం వేరే అమ్మాయికి వచ్చింది. మా జట్టుకు క్రమశిక్షణ లేదని తీర్మానం అయింది. తరువాత నాకు కొత్తపల్లెలో ప్రభుత్వ బడి దొరికింది, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు ఏ సంఘపెద్ద చావుతోనూ పని పడలేదు. సలోమమ్మ మాత్రం ఆ శనివారం నుంచి ప్రతి వారం కూతురి సమాధి దగ్గరికి పోయేదట. మొగుడు అడ్డం చెప్పలేదని కాదు. చెప్పినప్పుడు ఆమె వినలేదు.

ఇశ్రాయేలప్ప ఇంకా తొమ్మిదేళ్లు బతికాడు. మా మీద కోపమే ఆయన్ను బతికించిందని అత్త అనేది. ఆయన నిజంగా పోయినప్పుడు సలోమమ్మే మాకు కబురు పంపింది. సంఘంలో కొందరు గునిస్తే, “ఆయప్ప ముచ్చటపడి అడిగిన పాటే గదా” అందట. పోయాం. అత్త ఈసారి ఆయన పేరే పాడింది, ఒక్క స్వరం తగ్గించకుండా, ఎవరైనా మెచ్చుకునేట్టు పాడింది. బస్సులో తిరిగి వస్తూ కిటికీ నుంచి పసుపు చేల వైపు చూస్తూ నాతో అంది:

“సచ్చినోళ్ల కోసం ప్రార్థన పనికొస్తాదో రాదో నాకు తెల్దు సుగుణా. మార్తకైతే దాంతో పనే ల్యా. ఈయప్పకు మాత్రం పనికొస్తే బాగుండు. అవసరం శానా ఉండాది.”

ఇప్పుడు అత్త లేదు, నాయన లేడు, సామేలు లేడు. నాలుగు గొంతులు నేర్చుకునే ఓపిక ఎవరికీ లేదు. ఇప్పటి చావుల్లో ఒక మంచి ఉంది, ఒప్పుకోవాలి. ఎవరినీ కాదనరు. గాయకుడు దొరకని చోట పాటలు పెన్‌డ్రైవ్‌లోంచి వస్తాయి. పెన్‌డ్రైవ్‌కు క్రమం తెలియదు, గోడవార జాగా తెలియదు, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకున్నారో తెలియదు. స్పీకరు డబ్బాలో పెడితే అందరికీ ఒకే గొంతుతో పాడుతుంది. మా కాలంలో పాట గొప్పది, పాడేవాళ్లం పిరికివాళ్లం. ఇప్పుడు పిరికితనం అవసరమే లేదు, ఎందుకంటే కలిసి పాడేవాళ్లే లేరు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చమంటే నేను కొంచెం నసుగుతాను.

జయరాజు మహోత్సవం ముగిసేముందు తెర మీద ‘ఆయనకంటే ముందుగా చేరినవారు’ అని ఫోటోలు వేశారు. జయరాజు ఇశ్రాయేలప్ప కొడుకు. తండ్రి ఫోటో మీసాలతో వచ్చింది. తల్లి సలోమమ్మ వచ్చింది. చిన్నాన్నలూ మేనత్తలూ వచ్చారు. అక్క మార్త రాలేదు. ఇప్పటి పిల్లలకు పాపం పగ కూడా లేదు, అట్లాంటి మనిషి ఉండేదని ఎవరూ చెప్పలేదంతే. ఆ మహోత్సవంలో ఎవరూ ఏడవలేదు గానీ, నాకు అప్పుడు కళ్లలో నీళ్లు వచ్చాయి. పక్కనామె జయరాజు కోసమనుకొని నా భుజం తట్టింది.

రెండు రోజులు ఇంట్లో కుదురుగా ఉండలేకపోయాను. మూడో రోజు పొద్దున బేతంచెర్ల బస్సెక్కాను. ఖాసిం అక్కడే కూతురి దగ్గర ఉంటున్నాడని నాకు ఎప్పటి నుంచో తెలుసు. నంద్యాల నుంచి బేతంచెర్ల ఒక పూట ప్రయాణం కూడా కాదు, అయినా ఇన్నేళ్లూ పోలేదు. వాళ్ల ఇల్లు పాలిష్ బండల యార్డు పక్కనే. గోడలు, చెట్లు, మేకలు అన్నీ తెల్లటి పొడి పూసుకొని ఉన్నాయి. ఆయన వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను కాసేపు చూసి, “దానియేలు సారు బిడ్డవి గదా?” అన్నాడు. కూతురు టీ తెచ్చింది. మార్తక్క మొహమే. నేను కప్పు వైపు చూస్తూ ఉండిపోయాను.

జయరాజు పోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను. తరువాత, ఆ శనివారం సంగతి చెప్పాను, ఆ హాలులో మార్తక్క పేరుతో పాట పాడామని. అది కూడా ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు. ‘సచ్చినోళ్లు మాట్లాడరు’ అన్న సలోమమ్మ మాట చెబితే పడీ పడీ నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు.

“ఆయమ్మకు ఆ పొద్దు పాడినా వినపడేది కాదులేమ్మా” అన్నాడు. “నాకు వినపడేది.”

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను గానీ, ఆయన చెయ్యి ఊపి ఆపేశాడు. “అయ్యన్నీ యాలమ్మా. అదెట్లుంటాదో పాడు, వింటా.”

కూతురు లోపలికి పోయి టీవీ ఆపింది. నేను పాడాను. గొంతు బొంగురుపోయింది, ఊపిరి చాలలేదు. పైగా నాకు వచ్చింది నా వరస ఒక్కటే, నాలుగు గొంతుల్లో రెండోది. అది పై పాటకు ఆసరాగా ఉండేదే గానీ, విడిగా పాడితే రెండు మూడు స్వరాల మీదే తచ్చాడుతుంది. పేరు వచ్చే చోట మా వరసకు మౌనమే. అక్కడ మాత్రం అత్త పాడినది గుర్తు చేసుకొని, వచ్చినంత ఎత్తులో మార్తక్క పేరు పలికాను. స్వరం సరిగ్గా అందలేదు. ముగించి తల ఎత్తితే ఖాసిం భాయ్ మర్యాదగా, కొంచెం అయోమయంగా నన్ను చూస్తున్నాడు.

“ఇదేనా పాట?”

“ఇది సగమే భాయ్” అన్నాను. “సగం గూడా కాదు. పై పాట మా అత్తది. అది పాడేవాళ్లు ఇప్పుడెవరూ ల్యారు.”

ఆయన తల పంకించాడు. కూతురి వైపు తిరిగి, నాకు ఇంకో టీ పెట్టమని సైగ చేశాడు.

“పర్వాల్యా లేమ్మా” అన్నాడు. “ఆ పొద్దు ఇది గూడా ల్యాకపాయె.”